మనోళ్ళు మళ్ళీ ఓడిపోయిరి

2017 జులై 28న హైదరాబాద్ గచ్చిబౌలిలో ప్రొ కబడ్డీ లీగ్ అయిదో సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్ తెలుగు టైటాన్స్‌కూ, ఆ ఏడే లీగ్‌లోకి కొత్తగా వచ్చిన తమిళ్ తలైవాస్‌కూ. తమిళనాడులోని ధర్మపురి జిల్లా కడత్తూరు చుట్టుపక్కల, ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళకు ఆ మ్యాచ్ పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది. ఒక జట్టు పేరులో అమ్మ మాట్లాడే భాష ఉంది, ఇంకో జట్టు పేరులో తాము ఓటేసే రాష్ట్రం ఉంది. టైటాన్స్ 32-27తో గెలిచింది. ఎవరు గెలిచినా మనకే కదా అనుకున్నవాళ్ళు ఆ రాత్రి హాయిగా పడుకుని ఉంటారు.

ఆ హాయి ఎంతోకాలం నిలవలేదు. తలైవాస్ ఆ ఏడాది తన జోన్‌లో ఆఖరు. 2018లోనూ ఆఖరే. 2019లో పన్నెండు జట్లలో పన్నెండోది. 2021-22 సీజన్‌లో ఒక మెట్టు పైకెక్కి పదకొండో స్థానానికి వచ్చింది, అదీ పన్నెండో స్థానంలోకి తెలుగు టైటాన్స్ జారింది కాబట్టి. ఆ సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి గెలిచింది ఒక్కటంటే ఒక్కటి. తర్వాతి సీజన్‌లో రెండు గెలిచింది. ఆ తర్వాత కూడా రెండే. మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లకు అయిదు గెలుపులు.

జట్టు ఓడిపోయిందని రాత్రి అన్నం మానేసే మనిషి కోసం పుస్తకంలో ఒక అధ్యాయం ఎందుకని కొందరికి నవ్వు రావచ్చు. ఆ మనిషితో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకు మాత్రం రాదు. మ్యాచ్ ముగిసిన తర్వాత ఆ ఇంట్లో రిమోట్ ఎక్కడ పడుతుందో, చదువుకుంటున్న పిల్ల మీద కేక ఎందుకు పడుతుందో, మర్నాడు పొద్దున దుకాణంలో బేరం ఎందుకు చెడుతుందో వాళ్ళకు తెలుసు. అందుకే ఈ అధ్యాయం. ఇందులో నేను చెప్పబోయేది ఒకటే. ఓటమి మిమ్మల్ని అంతగా బాధించదు. ఆశ ఎక్కడ పెట్టుకున్నారో అదే బాధిస్తుంది. ఆశను ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట పెట్టుకోవడం నేర్చుకోవచ్చు. జట్టును వదలక్కరలేదు.

మనోళ్ళు, వాళ్ళు

కడత్తూరు వైపు తమలపాకు తోటలు ఎక్కువ. ఆకుల వ్యాపారం చేసే మేనమామ, ఆయన దగ్గర కట్టలు కట్టే మేనల్లుడు పొద్దున్నే మాట్లాడుకుంటున్నారనుకోండి. మామకు ఆట మీద పెద్ద ధ్యాస లేదు, అల్లుడి ముఖం చూసి అడుగుతాడు.

"ఏమిరా, రాత్రి మనోళ్ళు ఏం చేసిరి?"

"మనోళ్ళెవురు మామా? వాళ్ళు ఓడిపోయిరి."

"పోయిన వారం మనమే గెలిస్తిమి అంటివి కదరా."

"అది పోయిన వారం."

అల్లుడి చేతులు ఆగలేదు. ఒక్కో ఆకూ తిప్పి చూసి, మచ్చ ఉన్నదాన్ని పక్కకు తోసి, మంచివాటిని కాడలన్నీ ఒకవైపు వచ్చేలా పేరుస్తూనే జవాబు చెప్పాడు. ఈ కుర్రాడి గురించి నాకు బెంగ లేదు. గెలిస్తే "మనం", ఓడితే "వాళ్ళు" అనేవాడు తన మనసును తానే కాపాడుకుంటున్నాడు. 1976లో రాబర్ట్ చల్దీనీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు దీన్ని విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో గమనించారు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టు శనివారం గెలిస్తే, సోమవారం తరగతికి కాలేజీ పేరున్న చొక్కాలు వేసుకొచ్చేవాళ్ళు పెరిగేవారు. ఫోన్‌లో అడిగితే గెలిచిన ఆట గురించి "మేం గెలిచాం" అన్నవాళ్ళు, ఓడిన ఆట దగ్గరికి వచ్చేసరికి "వాళ్ళు ఓడిపోయారు" వైపు జరిగేవారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మన సినిమా అభిమానులు హిట్టయితే "మా హీరో" అనీ, ఫ్లాపయితే "ఆ డైరెక్టర్" అనీ అనడం ఈ కోవలోదే.

చిక్కంతా ఓడిన రాత్రి కూడా "మనం" అనే మనిషిది. నోరు తిరగక కాదు, నిజంగా అలాగే అనిపించి. ఊళ్ళో కబడ్డీ ఆడినవాళ్ళలో ఇలాంటివాళ్ళు ఎక్కువ. మోకాలి చిప్ప మీద పాత గీత ఉన్నవాడికి, టీవీలో డిఫెండర్ తొడ పట్టు జారగానే తన చేతులే జారినట్టు ఉంటుంది. అతనికి "టీవీ కట్టెయ్, అది ఆటే కదా" అని చెప్పేవాళ్ళు వీధికి నలుగురు ఉంటారు. ఆ సలహా పనిచేసిన దాఖలా నాకు కనపడలేదు.

ఎక్కువ ఆశ, ఎక్కువ మంట

ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థికవేత్తలు పీటర్ డాల్టన్, జార్జ్ మెకెరన్ 2018లో ఒక అధ్యయనం వెలువరించారు. మొబైల్ యాప్‌లో జనం అప్పటికప్పుడు నమోదు చేసిన సంతోషాన్ని ఫుట్‌బాల్ మ్యాచ్‌ల సమయాలతో కలిపి చూశారు. జట్టు ఓడితే కలిగే దుఃఖం, గెలిస్తే కలిగే సంతోషానికి దాదాపు రెట్టింపని తేలింది. అంటే సగం గెలిచి సగం ఓడే జట్టు అభిమాని కూడా మొత్తమ్మీద నష్టంలోనే ఉంటాడు. ఏడాదికి రెండు గెలిచే జట్టు అభిమాని లెక్క నేను వేయను, మీరే వేసుకోండి.

దానికన్నా ముఖ్యమైన సంగతి ఇంకో పరిశోధనలో ఉంది. డేవిడ్ కార్డ్, గోర్డన్ డాల్ అనే ఆర్థికవేత్తలు 2011లో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లనూ, ఆయా ఊళ్ళ పోలీసు రికార్డులనూ పక్కపక్కన పెట్టి చూశారు. సొంత జట్టు తప్పక గెలుస్తుందని అందరూ లెక్కేసుకున్న రోజున ఓడిపోతే, ఇళ్ళలో మగవాళ్ళు భార్యల మీద, తోడుగా ఉన్న ఆడవాళ్ళ మీద చేయి చేసుకున్న కేసులు దాదాపు 10 శాతం పెరిగాయి. అవి కూడా ఎక్కువగా మ్యాచ్ ముగిసే వేళ చుట్టూనే. ఓడిపోతుందని ముందే అనుకున్న రోజున, లేదా ఎవరు గెలుస్తారో తేలని రోజున ఓడితే ఆ పెరుగుదల కనిపించలేదు. ఓటమి రెండు సందర్భాల్లోనూ ఓటమే. తేడా అంతా ముందు పెట్టుకున్న ఆశలో ఉంది.

పాలక్కోడు మార్కెట్‌కు టమాటా తోలే రైతుకు ఇది ఎవరూ చెప్పక్కరలేదు. పోయినేడు పలికిన ధరను నమ్ముకుని ఈ ఏడు నాటినవాడు బుట్టలు దించేచోట కుప్పకూలుతాడు. ధర పడితే పడుతుందని ముందే లెక్కేసుకున్నవాడు తిట్టుకుంటూనే బండెక్కుతాడు. ఇద్దరికీ వచ్చిన డబ్బు ఒక్కటే.

మన రెండు జట్ల విషయంలో ఆశంతా ఒక్క మనిషి చుట్టూ తిరిగిన కథ ఒకటుంది. ఏ సినిమా రచయితా ఇంత వంకర మలుపులు రాయడు. 2022 ఆటగాళ్ళ వేలంలో తలైవాస్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 26 లక్షలకు కొన్నది. అప్పటిదాకా లీగ్‌లో ఎవరికీ అంత ధర పలకలేదు. 2019 జనవరిలో జరిగిన ఫైనల్‌లో ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి బెంగళూరు బుల్స్‌కు కప్పు అందించిన రైడర్ అతను. ఇక తలైవాస్‌కు తిరుగులేదనుకున్నారు. సీజన్ మొదటి మ్యాచ్‌లోనే అతని మోకాలు దెబ్బతింది, మళ్ళీ మ్యాట్ మీదకు రాలేదు. కోచ్ మారాడు. అషన్ కుమార్ వచ్చాడు. అభిమానులు టీవీలు కట్టేశారు. సరిగ్గా ఆ సీజన్‌లోనే తలైవాస్ మొట్టమొదటిసారి సెమీఫైనల్‌కు చేరింది. అంతకుముందు ఎవరికీ పెద్దగా తెలియని నరేందర్ అనే కుర్రాడు 243 రైడ్ పాయింట్లు తెచ్చాడు. ఎలిమినేటర్‌లో యూపీ యోధాస్‌తో 36-36 అయ్యి టైబ్రేకర్ దాకా వెళ్ళి గెలిచారు, సెమీస్‌లో పుణేరి పల్టన్ చేతిలో రెండే పాయింట్ల తేడాతో ఓడారు.

మరుసటి ఏడు అదే పవన్‌ను టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. మళ్ళీ రికార్డు. తెలుగు ఇళ్ళలో మళ్ళీ పండగ. ఆ సీజన్ గెలుపులు ఎన్నో పైనే చెప్పాను: రెండు. 2025లో పవన్ తిరిగి తలైవాస్‌కు వచ్చాడు, సీజన్ మధ్యలోనే జట్టుకు దూరమయ్యాడు, తలైవాస్ మొదటి ఎనిమిది స్థానాల్లోకి కూడా రాలేదు. అతను లేని టైటాన్స్ మాత్రం విజయ్ మలిక్ కెప్టెన్సీలో 2016 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు వెళ్ళి, ఫైనల్‌కు ఒక్క మ్యాచ్ దూరంలో ఆగింది.

ఇందులో పవన్ తప్పు వెతకొద్దు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ అతనే. తప్పు మన లెక్కలో ఉంది. కబడ్డీ మ్యాట్ మీద ఒక వైపు ఏడుగురు. అవుటైనవాడు బయట బెంచీ మీద కూర్చుంటాడు; తనవాళ్ళు ఎదుటివాణ్ణి అవుట్ చేసినప్పుడల్లా ఒక్కొక్కరు లోపలికి తిరిగొస్తారు. పాయింట్లు తెచ్చేవాడు ఒక్కడే ఉన్న జట్టులో ఆ ఒక్కడు అవుటైతే, అతన్ని లోపలికి తెచ్చేదెవరు? ఎదుటి జట్లు అంతా చూసుకుని అతని కోసమే కాచుకుంటాయి. అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, మిగిలినవాళ్ళను ఒక్కొక్కర్నీ ఏరి ఆలౌట్ చేస్తాయి. వేలంలో పెట్టిన కోట్లు మూలల్లో నిలబడే డిఫెండర్లకు కాళ్ళు కావు. అయినా మన ఆశ వేలం రోజునే ఆకాశానికి ఎక్కుతుంది, ఎందుకంటే ఆ రోజు కనబడేది ధర ఒక్కటే.

కాబట్టి మొదటి పని వేలం రోజున చేయాల్సింది. ఆ రోజు వార్తలు చదవండి, స్నేహితులతో వాదించండి, కానీ ఈ ఏడు జట్టు ఎలా ఆడుతుందో మాత్రం నిర్ణయించుకోకండి. ధర చూసి పెరిగిన ఆశే తర్వాత మీ ఇంట్లో కేకలుగా బయటికొచ్చేది.

ఓటమిని చదవడం

స్కోరు చూసి తల పట్టుకునేవాడికి గెలుపు, ఓటమి రెండే ఉంటాయి. ఆటను చదవడం వచ్చినవాడికి ఓటముల్లో రకాలు కనబడతాయి. ఒక ఉదాహరణ చూపిస్తాను, కాగితం తీసుకోండి.

2024 దాకా లీగ్‌లో గెలుపుకు 5 పాయింట్లు, సమమైతే 3, ఏడు లేదా అంతకన్నా తక్కువ తేడాతో ఓడితే ఊరటగా 1. 2021-22లో టైటాన్స్ 1 గెలిచి, 4 సమం చేసుకుని, 17 ఓడింది. ఆఖరున పట్టికలో 27 పాయింట్లు. గెలుపుకు 5, సమాలకు 12, కలిపి 17. మిగిలిన 10 ఎక్కడివి? ఊరట పాయింట్లు. అంటే ఓడిన 17 మ్యాచ్‌లలో పది చివరిదాకా పోరాడి ఓడినవి. మరుసటి సీజన్‌లో 2 గెలుపులు, 20 ఓటములు, మొత్తం 15 పాయింట్లు. గెలుపులకు 10 పోతే ఊరట పాయింట్లు అయిదే. పదిహేను మ్యాచ్‌లు చిత్తుగా ఓడినట్టు. పత్రికలు మొదటి సీజన్‌ను ఘోరమన్నాయి, ఒక్క గెలుపే కాబట్టి. నన్నడిగితే రెండోదే ఘోరం. మొదటి దానిలో జట్టుకు చివరి అయిదు నిమిషాలు ఆడటం చేతకాలేదు, వేలంలో 1 కోటి 30 లక్షలు పలికిన సిద్ధార్థ్ దేశాయ్ కూడా సీజన్ ఆరంభంలోనే గాయపడ్డాడు. రెండో దానిలో జట్టే లేదు. మూడో సీజన్‌లో 2 గెలుపులు, 1 సమం, 21 పాయింట్లు. ఊరట పాయింట్లు ఎనిమిదికి పెరిగాయి. గెలుపులు పెరగకుండానే ఆట కొంచెం కుదుటపడింది. 2024లో 12 గెలిచి ఏడో స్థానానికి వచ్చినప్పుడు, ఇది చదివినవాడు మిగతావాళ్ళంత ఆశ్చర్యపోడు.

2025 నుంచి ఊరట పాయింటు తీసేశారు, గెలుపుకు 2 పాయింట్లే, సమమైతే టైబ్రేకర్. ఇక తేడా ఎంతో మీరే రాసుకోవాలి. క్యాలెండర్ వెనకైనా పర్లేదు.

టీవీలో చూసేటప్పుడు కూడా ఇలాంటి పని ఒకటి పెట్టుకోండి. కెమెరా ఎప్పుడూ రైడర్ వెంటే పోతుంది, మీ కళ్ళు పోనక్కరలేదు. మూలన నిలబడ్డ డిఫెండర్ పాదాలు చూడండి. రైడర్ బోనస్ గీత వైపు కాలు చాచగానే ఆ మూలవాడు ఆగుతున్నాడా, ఆగలేక ముందుకు ఉరుకుతున్నాడా? ఓడిపోయే జట్లలో ఈ తొందర ముందు కనబడుతుంది, స్కోరు తర్వాత పడుతుంది. వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే రైడరే అవుట్. ఆ మూడో రైడ్‌కు ఎవర్ని పంపుతున్నారో గమనించండి. కొత్త కుర్రాణ్ణి బలిపెడుతున్న జట్టుకూ, ఆ రైడ్ కోసమే ఒకణ్ణి తయారుచేసుకున్న జట్టుకూ తేడా ఉంది. ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలినప్పుడు పట్టుకుంటే సూపర్ ట్యాకిల్, అదనంగా ఒక పాయింటు. చిత్తుగా ఓడుతున్న మ్యాచ్‌లో కూడా ఆ ముగ్గురూ కళ్ళతో మాట్లాడుకుంటున్నారా, ఎవరి మానాన వాళ్ళు నిలబడ్డారా అన్నది తెలుస్తుంది. ఒక మ్యాచ్‌కు ఒక్క సంగతి చాలు. మ్యాచ్ పోయినా మీ చేతిలో ఏదో ఒకటి మిగులుతుంది.

సినిమాలు ఇక్కడ మనల్ని కొంచెం చెడగొట్టాయి. 2009లో తమిళంలో వచ్చిన వెన్నిలా కబడ్డీ కుళు, మరుసటి ఏడు నాని నటించగా దాన్నే తెలుగులో తీసిన భీమిలి కబడ్డీ జట్టు, రెండింటిలోనూ ఎప్పుడూ ఓడిపోయే ఊరి జట్టుకు ఒక కోచ్ దొరుకుతాడు, ఇంటర్వెల్ తర్వాత రాత మారుతుంది. ఒక్కడు, దాన్ని తమిళంలో తీసిన గిల్లి చూసి పెరిగిన తరానికి కబడ్డీ అంటే చివరి రైడ్‌లో గెలవడమే. అసలు లీగ్‌లో ఇంటర్వెల్ తర్వాత కోచ్ దొరకడు. దొరికినా మంచి మూలల జోడీ కుదరడానికి రెండు మూడు సీజన్లు పడుతుంది, మధ్యలో వేలం వచ్చి ఆ జోడీని విడదీస్తుంది.

ఇంట్లో

మ్యాచ్ ముగియగానే టీవీ కట్టేయండి. ముందుగా కట్టమనడం లేదు, చివరి కూత దాకా చూడండి. ఆ తర్వాత వచ్చే చర్చ, రీప్లేలు, నిపుణుల పోస్టుమార్టం మాత్రం వద్దు. కార్డ్, డాల్ చెప్పిన ప్రమాదకరమైన వేళ అదే. చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా నడిచి రండి. ఎవరైనా ఎదురై "ఏమన్నా, అంతేనా?" అంటే "అంతే" అనండి. ఆ ఒక్క మాట చాలా గొడవల్ని ఆపుతుంది. ఫోను ఇంట్లోనే ఉంచండి. గెలిచిన జట్టువాడు పంపే బొమ్మలకు జవాబివ్వడం రేపటి పని.

పిల్లలున్న ఇంట్లో ఇంకో జాగ్రత్త. ఎనిమిదేళ్ళవాడు జట్టు ఓడిందని ఏడిస్తే "ఛీ, ఆటకు ఏడుస్తారా" అనకండి, "రేపు గెలుస్తాం" అని కూడా అనకండి. రేపు గెలవకపోతే మీ మాట పోతుంది. "వాడు ఆ మూలన పట్టు వదిలేశాడు చూశావా?" అని ఆట గురించి అడగండి. ఏడుస్తూనే జవాబు చెబుతాడు, చెబుతూ చెబుతూ ఏడుపు మరిచిపోతాడు. పెద్దవాళ్ళకు కూడా ఇది పనిచేస్తుంది, కాకపోతే వాళ్ళు ఒప్పుకోరు.

డబ్బు గురించి ఒక్క ముక్క. జట్టు మీద పందెం కాసేవాడికి ఈ అధ్యాయం పనికిరాదు. తమిళనాడులో ఆన్‌లైన్ జూదం మీద చట్టం ఉంది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచండి. ఓడే జట్టు మీద ప్రేమతో డబ్బు పెట్టడం, దిగులుకు వడ్డీ కట్టడం. ఆ పని మానుకున్న తర్వాత ఈ పేజీకి తిరిగి రండి.

వదిలేయొచ్చా?

వదిలేయొచ్చు. నేరం కాదు. టైటాన్స్‌కు ఆరు సీజన్లు ఆడిన రాహుల్ చౌదరి 2019లో తలైవాస్‌కు వెళ్ళాడు, ఎవరూ తలుపులు పగలగొట్టలేదు. ఆటగాళ్ళే జట్టు మారుతుండగా అభిమాని ఒక్కడే బంధుత్వం పట్టుకుని వేలాడాలన్న నియమం ఎక్కడా లేదు. పైగా ఈ రెండు జట్లలోనూ పెద్ద రైడర్లు ఎక్కువగా ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళే. "తెలుగు", "తమిళ్" అన్న పేర్లు చొక్కా మీదే ఉంటాయి. ఒకటే షరతు: ఓడిన రాత్రి నిర్ణయించుకోకండి. ఆటలు లేని నెలల్లో, కడుపు నిండి ఉన్నప్పుడు ఆలోచించండి. అప్పుడూ వద్దనిపిస్తే వదిలేయండి.

ఉండిపోతామనుకునేవాళ్ళు మెల్‌బోర్న్ వైపు ఒకసారి చూడాలి. అక్కడ వేలమంది తెలుగువాళ్ళు ఉన్నారు, ఆఫీసులో సోమవారం పొద్దున ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ గురించి ఏదో ఒకటి మాట్లాడక తప్పదు కాబట్టి ఏదో ఒక జట్టు పట్టుకుంటారు. జట్టుకు పద్దెనిమిది మంది, గుడ్డు ఆకారపు బంతి, గుడ్డు ఆకారపు మైదానం. సెయింట్ కిల్డా అనే జట్టు చరిత్ర మొత్తంలో కప్పు గెలిచింది ఒక్కసారే, 1966లో, అదీ ఒక్క పాయింటు తేడాతో. వెస్టర్న్ బుల్‌డాగ్స్ 1954లో గెలిచి మళ్ళీ గెలవడానికి 2016 దాకా ఆగింది. ఊరి పేరే పెట్టుకున్న మెల్‌బోర్న్ జట్టు 1964 తర్వాత 57 ఏళ్ళు ఎదురుచూసి 2021లో గెలిచింది. గెలిచిన ఆ ఫైనల్ మెల్‌బోర్న్‌లో జరగలేదు. కోవిడ్ వల్ల పెర్త్‌కు మార్చారు. యాభై ఏడేళ్ళు మైదానంలో కూర్చుని తిట్టుకున్నవాళ్ళు లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని టీవీలో చూశారు.

ఆ జట్ల అభిమానులు ఎందుకు ఉండిపోయారంటే వాళ్ళకు ఓపిక ఎక్కువని కాదు. మనకన్నా ఎక్కువే తిడతారు. క్లబ్బులో సభ్యత్వం ఉంటుంది, వార్షిక సమావేశానికి వెళ్ళి నిలదీస్తారు, ఊళ్ళోని చిన్న క్లబ్బులో పిల్లల ఆటకు నిమ్మకాయ నీళ్ళు కలిపేది, గీతలు గీసేది కూడా వాళ్ళే. పెద్ద జట్టు ఓడిన శనివారం పొద్దున వాళ్ళకు వేరే ఆట ఒకటి ఉంటుంది, అందులో వాళ్ళ చెయ్యి ఉంటుంది. మన లీగ్‌లో అభిమానికి ఓటు లేదు, సమావేశం లేదు. అందుకే ఆశలో కొంత భాగాన్ని తీసి ఊళ్ళో పెట్టుకోమంటున్నాను.

ఊళ్ళో కబడ్డీకి కొదవ లేదు. పొంగల్‌కు, మారియమ్మ పండగకు లైట్లు కట్టి రాత్రంతా ఆడిస్తారు. తమిళనాడు ముఖ్యమంత్రి ట్రోఫీ పోటీల్లో కబడ్డీ ఉంది. 2025 అక్టోబరులో బహ్రెయిన్‌లో జరిగిన ఆసియా యువ క్రీడల్లో భారత అమ్మాయిల జట్టు స్వర్ణం గెలిచినప్పుడు అందులో చెన్నై కణ్ణగి నగర్ అమ్మాయి కార్తీక ఉంది. అబ్బాయిల జట్టు స్వర్ణంలో వడువూరు కుర్రాడు అభినేష్ ఉన్నాడు. ఆ పిల్లలిద్దరూ ముందు ఏదో ఒక మట్టి గ్రౌండ్‌లో, ఎవరో ఒకరు సున్నంతో గీసిన గీతల మధ్య ఆడినవాళ్ళే.

మీరు ఆడే వయసు దాటితే స్కోరు రాయండి. ఊరి పోటీల్లో మైకు పట్టుకోవడానికి పదిమంది పోటీపడతారు, స్కోరు బల్ల దగ్గర కూర్చునేవాడు మాత్రం దొరకడు. కాగితం మధ్యలో గీత గీసి రెండు జట్లు, ఒక్కో రైడ్‌కు ఒక్కో గడి: టచ్ పాయింట్లు, బోనస్, పట్టు, ఖాళీ రైడ్ అయితే సున్న. అవుటైనవాళ్ళ నంబర్లు వరసగా పక్కన, లోపలికి వచ్చేదీ ఆ వరసలోనే కాబట్టి. ఆ వరస తప్పితే రెండు ఊళ్ళూ మీ బల్ల మీద పడతాయి. మొదటి రాత్రి తప్పుతుంది కూడా. పెన్నులు రెండు తీసుకెళ్ళండి, ఒకటి రిఫరీ అడిగి తీసుకుని తిరిగివ్వడు.